జంతికల గొట్టంలో అల్యూమినియం

ఇది చదువుతూనే ఫోన్ కవర్ ఒక్క నిమిషం తీసి, పక్క అంచు మీద వేలు పోనివ్వండి. చల్లగా తగిలిందా? అయితే అది లోహం, చాలావరకు అల్యూమినియం. మీ ఫోన్‌ది ప్లాస్టిక్ అంచు అయితే కిటికీ దగ్గరికి వెళ్లండి. స్లైడింగ్ కిటికీ ఫ్రేమ్, మేడ మీద నిచ్చెన, ఎల్‌ఈడీ లైటు వెనక రెక్కల్లా ఉండే హీట్‌సింక్, ట్రైపాడ్ కాళ్లు... వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. పొడవునా ఎక్కడ కోసి చూసినా కోత ఒకేలా కనిపిస్తుంది.

అలా కనిపించిందంటే ఆ వస్తువు ఒక రంధ్రంలోంచి బయటికి వచ్చిందన్నమాట. వేడి చేసిన అల్యూమినియం దిమ్మని ఉక్కు అచ్చు వెనక పెట్టి బలంగా నెడతారు. అచ్చులో ఏ ఆకారం ఉంటే ఆ ఆకారంలో లోహం పొడుగ్గా బయటికి వస్తుంది. దీని పేరు ఎక్స్‌ట్రూజన్. పేరు కొత్తగా అనిపించినా పని మనకి పాతదే. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కుతాం కదా! బిళ్ల మారిస్తే జంతిక, ఇంకో బిళ్లకి కారప్పూస, మరో బిళ్లకి రిబ్బన్ పకోడి. ఫ్యాక్టరీలో గొట్టాన్ని కంటెయినర్ అంటారు, బిళ్లని డై అంటారు, పిండి ముద్ద స్థానంలో ఉండే దిమ్మని బిల్లెట్ అంటారు. మన చేతి బలం బదులు వందల టన్నుల నుంచి వేల టన్నుల దాకా బలంతో నెట్టే హైడ్రాలిక్ ప్రెస్ ఉంటుంది. బయటికి వచ్చిన పొడుగు ముక్కల్ని మన కిటికీల షాపుల్లో ‘సెక్షన్లు’ అంటారు.

అంతే తేడా అనుకుంటే పొరపాటే. జంతికల పిండి బిళ్ల దాటాక కూడా పిండే. లోహం మాత్రం డై దాటేసరికి లోపల ఇంకో రకంగా తయారవుతుంది. ఈ వారం మాట్లాడుకునేది ఆ లోపలి మార్పు గురించే.

ఒక పగులు, ఐదు వందల రూపాయలు

ఈ టాపిక్ ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసే ఒక పాఠకుడు నాకు ఫొటో పంపాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న అల్లాయ్ సైకిల్. పెడల్స్ ఉండే చోట, కింది గొట్టం అతుకు పక్కనే వెంట్రుక మందం పగులు. ‘అన్నా, మా వీధి చివర ఆర్గాన్ వెల్డింగ్ చేసే ఆయన ఐదు వందలకి అతికిస్తా అంటున్నాడు. కొత్త ఫ్రేమ్ అంటే వేలల్లో. అతికించుకుని తొక్కొచ్చా?’ అని ప్రశ్న.

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఐదు వందలకీ కొన్ని వేలకీ మధ్య ఉన్న తేడా ఆ కుర్రాడికి చిన్నది కాదు. వద్దంటే ఎందుకు వద్దో తెలియాలి. ఆ కారణం పగులులో లేదు, గొట్టం లోపల ఉంది. అందుకే కొంచెం లోపలికి వెళ్దాం.

బకెట్ మీద పూలు

గాల్వనైజ్డ్ రేకుల్నీ, పాత జింకు పూత బకెట్లనీ దగ్గరగా చూశారా? వాటి మీద మంచు పూలలాంటి మరకలు కనిపిస్తాయి. ఒక్కోటి ఒక్కో మెరుపుతో, మధ్యలో సరిహద్దు గీతలతో. అవి డిజైన్ కాదు. జింకు స్ఫటికాలు. లోహం గట్టిపడేటప్పుడు ఒక్కో చోట ఒక్కో స్ఫటికం పుట్టి, పెరిగి, పక్కదాన్ని తాకి ఆగిపోతుంది. అలా ఆగిన ఒక్కో ముక్కని గ్రెయిన్ అంటారు, మనం రేణువు అనుకుందాం. దాదాపు మనం వాడే లోహాలన్నీ ఇలాంటి రేణువుల కూర్పే. బకెట్ మీద అవి కంటికి కనిపించేంత పెద్దవి, అల్యూమినియం సెక్షన్‌లో మైక్రోస్కోప్ కావాలి. అంతే.

విమానం కిటికీలోంచి పొలాలు చూసినట్టు ఊహించుకోండి. ఒక్కో మడి ఒక రేణువు. ఒక మడిలో నాట్ల వరసలన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి, పక్క మడిలో ఇంకో దిక్కుకి. మధ్యలో గట్టు. రేణువుల లోపల అణువులు కూడా అంతే. లోపల చక్కటి వరసలు, రేణువుకీ రేణువుకీ మధ్య గట్టు. ఆ గట్టుని గ్రెయిన్ బౌండరీ అంటారు.

ఇప్పుడు లోహం ఎలా వంగుతుందో చూద్దాం. అణువుల వరసలన్నీ ఒకేసారి జరగవు. అన్నీ ఒకేసారి జరగాలంటే చాలా బలం కావాలి. పెళ్లి హాల్లో పెద్ద జంపఖానా జరపాలంటే ఏం చేస్తాం? మొత్తాన్ని లాగం. ఒక చివర ముడత లేపి, ఆ ముడతని అటు చివరిదాకా తోసుకుంటూ పోతాం. లోహంలో కూడా అణువుల వరసలో అలాంటి ముడత ఉంటుంది. దాని పేరు డిస్‌లొకేషన్. అది జారుకుంటూ పోతే లోహం వంగుతుంది. దాని దారికి ఏదైనా అడ్డొస్తే లోహం గట్టిగా నిలబడుతుంది. లోహాల బలం గురించిన శాస్త్రమంతా దాదాపు ఈ ఒక్క వాక్యంలో ఉంది: ముడతకి అడ్డు పెట్టు.

గట్టు ఒక మంచి అడ్డు. ఎందుకంటే అవతలి మడిలో వరసల దిక్కే వేరు. కాబట్టి మడులు చిన్నవైతే గట్లు ఎక్కువ, గట్లు ఎక్కువైతే బలం ఎక్కువ. 1951లో హాల్, 1953లో పెచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉక్కు మీద పనిచేస్తూ దీనికి లెక్క కట్టారు. రేణువు వెడల్పు నాలుగో వంతుకి తగ్గితే, గట్ల వల్ల వచ్చే బలం రెండింతలు అవుతుంది. ఈ సూత్రాన్ని ఇప్పటికీ హాల్-పెచ్ అనే పిలుస్తారు.

డై దగ్గర ఏం జరుగుతుంది?

ముందు ఒక అపోహ పోవాలి. ఎక్స్‌ట్రూజన్‌లో అల్యూమినియం కరగదు. అది కరిగేది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ప్రెస్‌లోకి పంపే బిల్లెట్‌ని సుమారు 450 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేస్తారు, అంతే. అంటే రంధ్రంలోంచి దూరేది ద్రవం కాదు, మెత్తబడిన ఘనం. పోత పోసినప్పుడు ఏర్పడిన రేణువులు దానిలో అలాగే ఉంటాయి. వాటినే నలిపి, సాగదీసి, సన్నం చేస్తారు.

ఎంత సాగుతాయో ఒక చిన్న లెక్క వేద్దాం. 178 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిల్లెట్ తీసుకోండి. దాని అడ్డుకోత వైశాల్యం దాదాపు 24,900 చదరపు మిల్లీమీటర్లు. దాని నుంచి 500 చదరపు మిల్లీమీటర్ల సెక్షన్ తీశామనుకోండి. అంటే కోత 50 రెట్లు తగ్గింది. లోహం ఎక్కడికీ పోదు కాబట్టి పొడవు 50 రెట్లు పెరగాలి. లోపలి రేణువు కూడా అదే దారి పడుతుంది. మొదట 100 మైక్రాన్ల గుండ్రటి రేణువు, అంటే మన తల వెంట్రుక మందం కన్నా కొంచెం ఎక్కువ. డై దాటేసరికి లెక్క ప్రకారం 5 మిల్లీమీటర్ల పొడవు, 14 మైక్రాన్ల మందం ఉన్న దారంగా మారుతుంది. గింజ లాంటిది నారలా అయిపోయింది. అందుకే దీన్ని నార నిర్మాణం అంటారు. వెదురు బొంగుని నిలువునా చీల్చితే కనిపించే నార గుర్తుంది కదా, అలాంటిదే.

ఇంత నలిగిన లోహం లోపల ముడతలు కోట్ల కొద్దీ పుట్టి గజిబిజి అయిపోవాలి. చల్లటి లోహంలో అలాగే అవుతుంది. కానీ ఇక్కడ వేడి ఉంది. అల్యూమినియంలో ముడతలు దారి మార్చుకోవడం తేలిక. వేడిలో అవి ఎదురెదురు వచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలినవి చెల్లాచెదురుగా ఉండకుండా వరసలు కట్టి, ఒక్కో నార లోపల చిన్న చిన్న గదుల్లాంటివి కడతాయి. ప్రెస్ నడుస్తుండగానే జరిగే ఈ సర్దుబాటుని డైనమిక్ రికవరీ అంటారు. అల్యూమినియం అంత సులువుగా సంక్లిష్టమైన ఆకారాల్లోకి దూరడానికి ఇదొక పెద్ద కారణం. నలుపుతున్న కొద్దీ గట్టిపడి మొండికేయకుండా, తనలో తాను సర్దుకుంటూ పోతుంది.

అసలు తలనొప్పి: బయటి పొర

జంతికల గొట్టంలో మధ్యలో పిండి సాఫీగా పోతుంది. గోడకి ఆనుకున్న పిండి మాత్రం రాసుకుంటూ, ఈడ్చుకుంటూ పోతుంది. డైలో లోహానికీ అదే గతి. పై పొర మధ్య భాగం కంటే చాలా ఎక్కువ నలుగుతుంది, రాపిడికి ఇంకా వేడెక్కుతుంది. అంటే ఆ పొరలో దాచిన శక్తి ఎక్కువ, పైగా వేడి కూడా ఎక్కువ. ఈ రెండూ కలిస్తే లోహం సర్దుకోవడంతో ఆగదు. నలిగిన రేణువుల్ని వదిలేసి పూర్తిగా కొత్త రేణువుల్ని పుట్టిస్తుంది. దీన్ని రీక్రిస్టలైజేషన్ అంటారు. డై దాటిన కొద్ది క్షణాల్లోనే ఇది మొదలైపోగలదు.

కొత్త రేణువులు చిన్నగా ఉన్నంతవరకు మంచిదే. వేడి తగ్గకపోతే మాత్రం పెద్దవి చిన్నవాటిని మింగుతూ పెరుగుతాయి. చివరికి సెక్షన్ లోపలంతా సన్నటి నార, బయట చుట్టూ ముతక రేణువుల పట్టీ. కోసిన ముఖాన్ని నునుపు చేసి రసాయనంతో కడిగితే ఆ పట్టీ మామూలు కంటికే ఉంగరంలా కనిపిస్తుంది. ప్రెస్ ఆపరేటర్లకీ క్వాలిటీ వాళ్లకీ ఇదో పెద్ద తలనొప్పి.

ఎందుకంటే వస్తువుల్లో పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది పైనుంచే. బలహీనమైన పొర సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. కారు ముందు భాగంలో, బంపర్ వెనక క్రాష్ బాక్స్ అనే చిన్న గొట్టం ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా నలిగి, దెబ్బని తాను తీసుకోవాలి. చాలా కార్లలో అది ఎక్స్‌ట్రూడ్ అల్యూమినియమే. మడత దగ్గర ముతక రేణువుల పొర ఉంటే మడత పడేలోపే చీలిపోవచ్చు. చీలిందంటే దెబ్బ లోపలివాళ్ల దాకా వస్తుంది.

అందం కూడా ఇక్కడే చెడుతుంది. రేణువులు ముతకగా ఉన్న లోహాన్ని వంచితే పైభాగం నారింజ తొక్కలా గుంతలు పడుతుంది. రేణువుల తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే, అనొడైజింగ్ అనే రంగు పూత వేశాక చారలు తేలతాయి. ఫోన్ అంచు మీద అలాంటి చార ఒకటి కనిపిస్తే మీరు ఆ ఫోన్ కొంటారా?

దీనికి మందు మిశ్రమంలోనే కలుపుతారు. మాంగనీసు, క్రోమియం, జిర్కోనియం కొద్దికొద్దిగా వేస్తే లోహంలో చాలా సన్నటి పలుకులు ఏర్పడతాయి. గట్టు జరగబోతే ఆ పలుకులు మేకుల్లా పట్టుకుంటాయి. దాంతో నార నారగానే మిగులుతుంది. దానితో పాటు బిల్లెట్ వేడి, నెట్టే వేగం, డై దాటగానే ఎంత త్వరగా చల్లార్చాలి అన్నవి కూడా చూసుకోవాలి. కిటికీలకి వాడే 6063 రకం నిమిషానికి కొన్ని పదుల మీటర్లు పోతుంది. విమానాలకి వాడే 7075 లాంటి గట్టి రకాన్ని నిమిషానికి ఒకటి రెండు మీటర్ల చొప్పున బుజ్జగిస్తూ తీయాలి. తొందరపడితే పైపొర వేడెక్కి చిరుగుతుంది.

పాకం, మాగబెట్టిన మామిడి

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అల్యూమినియం సెక్షన్‌కి వచ్చే బలంలో రేణువుల గట్ల వాటా కొంచెమే. పెద్ద వాటా ఇంకో చోటి నుంచి వస్తుంది.

సైకిళ్లకి ఎక్కువగా వాడే 6061 రకంలో సుమారు 1 శాతం మెగ్నీషియం, 0.6 శాతం సిలికాన్ ఉంటాయి. 500 డిగ్రీలు దాటిన వేడిలో అవి అల్యూమినియంలో కలిసిపోతాయి, వేడి పాకంలో పంచదార కరిగినట్టు. అప్పుడు నీళ్లతో గబుక్కున చల్లారిస్తే బయటికి రావడానికి వాటికి టైమ్ ఉండదు. లోపలే ఇరుక్కుపోతాయి. తర్వాత ఆ లోహాన్ని 170, 180 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచుతారు. మెగ్నీషియం, సిలికాన్ నెమ్మదిగా జత కట్టి, మామూలు మైక్రోస్కోప్‌కి కూడా కనిపించనంత సన్నటి పలుకులుగా లోహమంతా పరుచుకుంటాయి. జారే ముడతకి అడుగడుగునా అడ్డు. ఫ్యాక్టరీ భాషలో దీన్ని ఏజింగ్ అంటారు. గడ్డిలో మామిడికాయ మాగబెట్టడం లాంటిదే. తక్కువైతే పచ్చి, ఎక్కువైతే మెత్తబడిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే పలుకులు పెద్దవై, వాటి మధ్య సందులు పెరిగి, ముడతలు తప్పించుకుపోతాయి.

ఈ చిత్రం 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ కంట పడింది. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడి చేసి చల్లార్చి పక్కన పెడితే, రోజులు గడిచేకొద్దీ అదే గట్టిపడింది. అదే తర్వాత డ్యూరాలుమిన్ అయింది.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. 6061ని పూర్తిగా మెత్తబరిచిన స్థితిలో సుమారు 55 మెగాపాస్కల్స్ దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. అదే లోహాన్ని టీ6 స్థితికి, అంటే కరిగించి, చల్లార్చి, మాగబెట్టిన స్థితికి తెస్తే అది సుమారు 275. లోహం అదే, బరువు అదే, ఖరీదు దాదాపు అదే. బలం మాత్రం ఐదు రెట్లు. కాబట్టి ‘ఇది అల్యూమినియం’ అంటే సగం మాటే. ఏ రకం, ఏ స్థితి అని చెప్పినప్పుడే మాట పూర్తవుతుంది.

ఫోన్ల చరిత్రలో ఇది ఒకసారి లోకమంతటికీ తెలిసొచ్చింది. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో పెట్టుకుంటే వంగిపోతోందని గోల లేచింది. మరుసటి ఏడాది వచ్చిన 6ఎస్‌కి యాపిల్ 7000 శ్రేణి అల్యూమినియం వాడుతున్నట్టు గర్వంగా ప్రకటించుకుంది. ఆ శ్రేణిలో జింకు ప్రధానం, బలం ఎక్కువ.

మెగ్నీషియం దారి వేరు

తేలికైన లోహాల్లో అల్యూమినియం కంటే తేలికైనది మెగ్నీషియం. ఒక ఘన సెంటీమీటర్ అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, మెగ్నీషియం 1.74 మాత్రమే. మరి కార్లూ సైకిళ్లూ అన్నీ దానితోనే ఎందుకు చేయట్లేదు? తుప్పు, మంట పట్టే భయం, ఖరీదు ఒక పక్క. రేణువుల గొడవ ఇంకో పక్క.

అల్యూమినియం స్ఫటికంలో ముడత జారడానికి 12 దారులున్నాయి. గది వేడిలో మెగ్నీషియంకి తేలికగా దొరికేవి 3. దాని అణువులు పేకముక్కల్లా పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. పొర మీద పొర జారడమే దానికి తేలిక. ఎక్స్‌ట్రూజన్‌లో నెట్టినప్పుడు ఆ పేకముక్కలు చాలావరకు కడ్డీ పొడవునే సర్దుకుంటాయి. ఫలితం విచిత్రంగా ఉంటుంది. అదే కడ్డీని లాగితే గట్టిగా నిలబడుతుంది, పొడవునా నొక్కితే అంతకంటే ముందే లొంగిపోతుంది. కొన్ని రకాల్లో నొక్కుడు బలం లాగుడు బలంలో సగం దగ్గరే ఉంటుంది. ఒక కాలుకి ఒక బలం, ఇంకో కాలుకి ఇంకో బలం ఉన్న కుర్చీతో ఇంజినీర్ ఏం చేస్తాడు?

అయితే మెగ్నీషియంకి ఒక అదృష్టం ఉంది. రేణువుల్ని సన్నం చేస్తే వచ్చే లాభం దానికి అల్యూమినియం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఎక్స్‌ట్రూజన్ ఆ పని బాగా చేస్తుంది. కొద్దిగా రేర్ ఎర్త్ లోహాలు కలిపితే పేకముక్కల వరస కొంత చెదిరి, రెండు వైపులా బలం దగ్గరపడుతుంది. ఎముక విరిగినప్పుడు బిగించి, పని అయ్యాక శరీరంలోనే కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలు ఇప్పుడున్నాయి. జర్మనీలో తయారైన అలాంటి స్క్రూకి 2013లో యూరప్‌లో అనుమతి దొరికింది. తీయడానికి రెండో ఆపరేషన్ ఉండదు. అలాంటి స్క్రూ ఎముక అతుక్కునేదాకా నిలవాలి, ఆ తర్వాత పోవాలి. ఆ టైమింగ్‌లో లోపలి రేణువుల తీరుకీ వాటా ఉంది.

మన హైదరాబాద్‌కీ ఇందులో ఒక చుట్టరికం ఉంది. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అణు విద్యుత్ కేంద్రాలకి కావలసిన జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు తయారవుతాయి. వాటి తయారీలో వేడి ఎక్స్‌ట్రూజన్ ఒక ముఖ్యమైన మెట్టు. జిర్కోనియం అంత తేలిక లోహమేమీ కాదు. కానీ దాని స్ఫటికాలు కూడా మెగ్నీషియం లాగే పేకముక్కల రకం. రేణువులు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయన్నది అక్కడ కూడా చిన్న విషయం కాదు.

ఇంతకీ వెల్డింగ్ చేయించాలా?

ఇప్పుడు ఆ పగులు దగ్గరికి వద్దాం. గొట్టం చరిత్ర మీకు తెలిసిపోయింది. పోత పోశారు, నెట్టి రేణువుల్ని సన్నం చేశారు, కరిగించి చల్లార్చి మాగబెట్టారు. ఆర్గాన్ వెల్డింగ్ మంట ఆ చరిత్రని కొన్ని సెకన్లలో వెనక్కి తిప్పుతుంది.

అతుకు పడిన చోట లోహం పూర్తిగా కరిగి మళ్లీ గట్టిపడుతుంది. అంటే అక్కడ నార పోయి, మళ్లీ పోత పోసిన రేణువులు. దాని పక్కన సుమారు ఒక అంగుళం మేర లోహం కరగదు కానీ బాగా వేడెక్కుతుంది. అక్కడి సన్నటి పలుకులు కొన్ని కరిగిపోతాయి, కొన్ని ఉబ్బిపోతాయి. ఎక్కువ మాగిన మామిడిపండే. 6061 టీ6 గొట్టంలో ఆ అంగుళం దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. పైకి చూస్తే మాత్రం అతుకు చక్కగా, మెరుస్తూ కనిపిస్తుంది.

‘మరి ఫ్యాక్టరీలో కూడా వెల్డింగే కదా చేసేది?’ అంటారు. నిజమే. కానీ 6061 ఫ్రేమ్‌ని వెల్డ్ చేశాక మొత్తం ఫ్రేమ్‌ని మళ్లీ ఫర్నేస్‌లో పెట్టి, నీళ్లలో చల్లార్చి, వంకర తీసి, ఓవెన్‌లో మాగబెడతారు. పోయిన బలం అలా తిరిగొస్తుంది. 7005 అనే రకం వాడితే చివరి మాగబెట్టడం ఒక్కటీ చాలు. వీధి చివర షాపులో ఆ ఫర్నేస్ ఉండదు. వెల్డర్ చేతి పనితనం ఎంత గొప్పదైనా ఆ లోటు తీరదు. తప్పు ఆయనది కాదు, లోహానిది.

ఇంకో మాట. ఉక్కుకి ఒక సుగుణం ఉంది. ఒక హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు ఊపినా తట్టుకోగలదు. అల్యూమినియంకి అంత స్పష్టమైన హద్దు లేదు. చిన్న దెబ్బలు కూడా ఎక్కడో లెక్కలో పడుతూనే ఉంటాయి. రోడ్డు మీద ప్రతి గుంతా, పెడల్ మీద ప్రతి తొక్కుడూ ఆ లెక్కలోకే. ఇప్పటికే పగులు వచ్చిన చోట బలం సగం చేసి, మళ్లీ అదే రోడ్డు మీదికి, వీపు మీద డెలివరీ బ్యాగ్‌తో వెళ్లడం... ఆ అతుకు విడిపోయేది ట్రాఫిక్ మధ్యలోనే.

అందుకే ఆ తమ్ముడికి నా జవాబు: వెల్డింగ్ వద్దు, ఈ రోజు నుంచే ఆ ఫ్రేమ్ తొక్కొద్దు. చక్రాలు, బ్రేకులు, చెయిన్, హ్యాండిల్ అన్నీ తీసి దాచుకో. కొలతలు సరిపోయే పాత ఉక్కు ఫ్రేమ్ సెకండ్ హ్యాండ్‌లో చూడు. రెండు మూడు కిలోల బరువు పెరగొచ్చు. కానీ ఉక్కు ఫ్రేమ్ చాలావరకు లొంగుతూ, ముందే చెప్పి విరుగుతుంది. విరిగినా వీధి చివర షాపులో నిజంగానే అతుక్కుంటుంది. పగిలిన అల్యూమినియం ఫ్రేమ్‌ని పాత సామాన్ల షాపులో వేస్తే కొంత డబ్బు వస్తుంది. దాన్ని మళ్లీ కరిగించి బిల్లెట్ చేయొచ్చు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే కరెంటుతో పోలిస్తే దీనికి పట్టేది సుమారు ఇరవయ్యో వంతే.

మిగిలిన మనందరికీ కూడా ఇందులో పనికొచ్చే ముక్కలున్నాయి. అల్యూమినియం నిచ్చెనకి మెట్టు ఊడితే వెల్డింగ్ చేయించి మళ్లీ ఎక్కొద్దు. బాల్కనీ గ్రిల్లుకో, పెద్ద అద్దాల తలుపుకో సెక్షన్ కొనేటప్పుడు గేజ్ ఎంత అని మాత్రమే కాదు, ఏ గ్రేడ్, ఏ టెంపర్ అని కూడా అడగండి. ‘6063 టీ6’ లాంటి జవాబు రావాలి. ‘మంచి మెటీరియల్ సార్’ అనేది జవాబు కాదు. గ్రేడ్ బిల్లు మీద రాయమనండి. రాయడానికి ఇష్టపడని షాపు నుంచి ఆరో అంతస్తు బాల్కనీకి సెక్షన్ కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

ఆ కుర్రాడు రాత్రి రిప్లై ఇచ్చాడు. ఉక్కు ఫ్రేమ్ వెతుకుతున్నాడట. ‘బరువు ఎక్కువైతే టిప్ ఎక్కువ ఇస్తారా అన్నా?’ అని అడిగాడు. దానికి మాత్రం నా దగ్గర ఏ సూత్రమూ లేదు. మీ ఇంటికి పార్సిల్ తెచ్చినవాడు సైకిల్ మీద వచ్చి ఉంటే, ఆ లెక్క మీరే చూసుకోండి.